జీతపు చీటీ, కొనుగోలు రసీదు: హక్కులకు ఇవే ఆధారాలు
కార్మిక, వినియోగదారుల చట్టాలపై నెల్లిమర్ల ప్రజలు తెలుసుకోవలసిన విషయాలు

నెల్లిమర్ల (విజయనగరం జిల్లా): చంపావతి నది చెంతనున్న నెల్లిమర్ల పేరు వినగానే జూట్ మిల్లు గుర్తుకు వస్తుంది. 1920 నాటి ఈ మిల్లును నమ్ముకొని నెల్లిమర్ల, జరజాపుపేట, పరిసర గ్రామాలకు చెందిన కుటుంబాలు తరతరాలుగా జీవనం సాగిస్తున్నాయి. తాత మగ్గం వద్ద, తండ్రి నూలు వడికే విభాగంలో, కుమారుడు గోనె సంచులు కుట్టే విభాగంలో పనిచేసిన ఇళ్ళు ఇక్కడ అరుదు కాదు. మిల్లు గేటు తెరిస్తే బజారులో సందడి, గేటు మూస్తే కిరాణా దుకాణంలో అరువు ఖాతా పెరగటం ఈ పట్టణ ప్రజలకు అనుభవమే.

మిల్లు మూతపడటం, చర్చల అనంతరం తిరిగి తెరుచుకోవటం నెల్లిమర్లకు కొత్త కాదు. 1994 జనవరిలో మిల్లు వివాదం నేపథ్యంలో జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు కార్మికులు ప్రాణాలు కోల్పోయిన విషాదాన్ని ఈ ప్రాంతం నేటికీ మరచిపోలేదు. వివాదం వీధికెక్కక ముందే చట్టం చూపిన మార్గాన పరిష్కారం లభించటం ఎంత అవసరమో ఆ సంఘటన తెలియజేస్తున్నది.

మిల్లులో కార్మికుడిగా ఉన్న వ్యక్తే బజారులో వినియోగదారుడు. ఈ రెండు స్థానాలలోనూ చట్టం అతనికి హక్కులు కల్పించింది. అయితే హక్కు ఉన్నంత మాత్రాన ఫలితం చేతికి రాదు. దానిని నిరూపించే కాగితం దగ్గర ఉండాలి, నిర్ణీత గడువులోగా తగిన అధికారి ఎదుట హాజరు కావాలి. న్యాయమైన క్లెయిములు సైతం వీగిపోవటానికి కాగితం లేకపోవటం, గడువు దాటిపోవటం ప్రధాన కారణాలవుతున్నాయి. ఈ దృష్ట్యా నిత్య జీవితంలో తరచుగా ఎదురయ్యే సందేహాలకు సమాధానాలను ఈ వ్యాసంలో వివరించటం జరిగింది.

మారిన చట్టాలు

కార్మికులకు సంబంధించిన 29 కేంద్ర చట్టాలను క్రోడీకరించి రూపొందించిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చాయి. అవి 2019 వేతనాల కోడ్, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 సామాజిక భద్రత కోడ్, 2020 వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. దశాబ్దాలుగా కార్మికుల నోట నానిన వేతన చెల్లింపు చట్టం, గ్రాట్యుటీ చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం వంటివి వీటిలో విలీనమయ్యాయి. మార్పు దశలో పాత నియమాలు, ఉత్తర్వులు కొనసాగేందుకు వీలు కల్పించినందున, అంతకు ముందే ఏర్పడిన బకాయిలు రద్దయిపోయాయని ఎవరైనా చెబితే నమ్మవలసిన పనిలేదు.

వినియోగదారుల విషయంలో 1986 నాటి చట్టం స్థానంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుండి అమలులో ఉంది. పూర్వం జిల్లా ఫోరం అని పిలిచిన వ్యవస్థ ఇప్పుడు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌గా పనిచేస్తున్నది.

నియామక పత్రం, జీతపు చీటీ

పనిలో చేరిన ప్రతి ఉద్యోగికీ యజమాని నియామక పత్రం ఇవ్వటం కొత్త కోడ్ ప్రకారం తప్పనిసరి. నోటిమాట మీద పనిలో చేరటం, మేస్త్రీ చెప్పిన రోజు వరకు పనిచేయటం పలుచోట్ల వాడుకగా ఉన్నది. తరువాత వివాదం తలెత్తినప్పుడు 'ఇతడు మా మనిషే కాదు' అని యాజమాన్యం అంటే, నియామక పత్రమే మొదటి సాక్ష్యమవుతుంది.

నెలవారీ వేతనాన్ని తరువాతి నెల 7వ తేదీలోగా చెల్లించాలి. రాజీనామా చేసినా, తొలగించినా, సంస్థ మూతపడినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలో ఇవ్వాలి. నిర్ణీత పనిగంటలకు మించి చేయించిన పనికి సాధారణ వేతనానికి రెట్టింపు రేటు చెల్లించాలి. అన్ని రకాల కోతలూ కలిపి వేతనంలో సగానికి మించరాదు. ఒకే పనికి, లేక ఒకే స్వభావం గల పనికి స్త్రీ, పురుషుల మధ్య వేతనంలో వ్యత్యాసం చూపరాదు.

వేతనం అనే మాటకు కోడ్‌లో ఇచ్చిన నిర్వచనాన్ని కార్మికులు ప్రత్యేకంగా గమనించాలి. మూల వేతనాన్ని తక్కువగా చూపి, మిగిలిన మొత్తాన్ని వివిధ అలవెన్సుల కింద ఇవ్వటం వలన భవిష్య నిధి, గ్రాట్యుటీ లెక్కలు తగ్గిపోతూ వచ్చాయి. ఇప్పుడు అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే పరిగణిస్తారు. ఉదాహరణకు నెలకు మొత్తం రూ.20,000 పొందే వ్యక్తికి మూల వేతనం, కరవు భత్యం కలిపి రూ.8,000 మాత్రమే చూపినా, లెక్కకు రూ.10,000 తీసుకోవాలి.

వేతన బకాయి కోసం మూడు సంవత్సరాలలోగా అధీకృత అధికారి ఎదుట క్లెయిము దాఖలు చేయవచ్చు. బకాయితో పాటు నష్టపరిహారాన్ని మంజూరు చేసే అధికారం కూడా ఆ అధికారికి ఉంది. వేతనం చెల్లించామని నిరూపించవలసిన బాధ్యత యజమానిదే. అయినప్పటికీ కార్మికుని వద్ద జీతపు చీటీ, బ్యాంకు పాసుపుస్తకం ఉంటే విచారణ త్వరగా ముగిసే అవకాశం ఉంటుంది.

బదిలీ కార్మికుల స్థానం

జూట్ మిల్లులలో బదిలీ కార్మికుల వ్యవస్థ పూర్వం నుండి ఉన్నది. శాశ్వత కార్మికుడు రాని రోజున అతని స్థానంలో పనిచేసే వ్యక్తిని బదిలీ కార్మికుడంటారు. పని దొరికిన రోజే కూలి, దొరకని రోజున ఇంటిదారి. అందువలన తమకు చట్టం వర్తించదనే అభిప్రాయం వీరిలో చాలామందికి ఉంది. ఇది సరికాదు.

లే-ఆఫ్ పరిహారం విషయంలో సాధారణంగా బదిలీ కార్మికుని మినహాయించినప్పటికీ, సంస్థలో ఒక సంవత్సరం నిరంతర సర్వీసు పూర్తిచేసిన వెంటనే అతనిని ఆ మినహాయింపు కింద చూడరాదని చట్టం పేర్కొంటున్నది. పన్నెండు నెలల కాలంలో 240 రోజులు పనిచేస్తే ఒక సంవత్సరం నిరంతర సర్వీసుగా పరిగణిస్తారు. కాబట్టి బదిలీ కార్మికునికి మస్టరులో పడిన ప్రతి హాజరూ విలువైనదే. ఏ రోజు ఏ షిఫ్టులో పనిచేసినదీ సొంతంగా ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోవటం మేలు. మిల్లు రికార్డులతో పోల్చి చూడవలసి వచ్చినప్పుడు ఈ పుస్తకం అక్కరకు వస్తుంది.

లే-ఆఫ్, లాకౌట్, మూసివేత ఒకటి కావు

వాడుకలో అన్నింటినీ 'మిల్లు మూత' అనే అంటారు. చట్టం దృష్టిలో ఇవి మూడు వేర్వేరు స్థితులు. ఏ స్థితిలో ఏ హక్కు లభిస్తుందో తెలియాలంటే గేటుకు అంటించిన నోటీసులోని పదాన్ని ముందుగా చదవాలి.

ముడిసరుకు, విద్యుత్తు కొరత, నిల్వలు పేరుకుపోవటం, యంత్రాలు చెడిపోవటం వంటి కారణాలతో పని ఇవ్వలేకపోవటాన్ని లే-ఆఫ్ అంటారు. జనపనార లభ్యత, గోనె సంచుల గిరాకీపై ఆధారపడిన పరిశ్రమలో ఇది ఎప్పుడైనా ఎదురుకావచ్చు. 50 మంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారంలో ఒక సంవత్సరం సర్వీసు నిండిన కార్మికునికి లే-ఆఫ్ రోజులకు మూల వేతనం, కరవు భత్యంలో 50 శాతం పరిహారంగా చెల్లించాలి. అయితే ఆ రోజులలో రోజుకు కనీసం ఒకసారి నిర్ణీత సమయానికి సంస్థ వద్ద హాజరు కావలసి ఉంటుంది. 'పని లేదన్నారు కదా' అని ఇంటి వద్దనే ఉండిపోయిన వారు పరిహారం కోల్పోయే ప్రమాదం ఉన్నదని గ్రహించాలి.

వివాదం సందర్భంగా యాజమాన్యం పని స్థలాన్ని మూసి, కార్మికులకు పని నిరాకరించటం లాకౌట్. కొత్త కోడ్ ప్రకారం లాకౌట్‌కు గాని, సమ్మెకు గాని 14 రోజుల ముందస్తు నోటీసు అవసరం. రాజీ అధికారి ఎదుట చర్చలు సాగుతున్న కాలంలో రెండింటికీ అనుమతి లేదు. ఈ నిబంధన ఉభయ పక్షాలకూ వర్తిస్తుంది. కార్మికుని తప్పిదం లేకుండా పని నిలిచిపోయిన కాలాన్ని అతని సర్వీసుకు భంగంగా లెక్కించరాదు. కనుక లాకౌట్ నెలలను సర్వీసు నుండి తీసివేసి గ్రాట్యుటీ లెక్కకట్టినట్లు గమనిస్తే వెంటనే అభ్యంతరం తెలుపవచ్చు.

సంస్థను శాశ్వతంగా మూసివేయటం మూడవ స్థితి. 300 మంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారాన్ని మూయదలచిన యజమాని 90 రోజుల ముందు ప్రభుత్వానికి దరఖాస్తు చేసి అనుమతి పొందాలి. దరఖాస్తు ప్రతిని కార్మికుల ప్రతినిధులకు కూడా అందజేయాలి. అనుమతి లభించినప్పుడు ప్రతి పూర్తి సంవత్సరపు సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. అనుమతి లేని మూసివేత చెల్లదు. అటువంటప్పుడు మిల్లు మూయబడలేదన్నట్లే కార్మికులు ప్రయోజనాలకు అర్హులవుతారు.

వ్యక్తిగతంగా తొలగింపునకు గురైన కార్మికుడు ముందుగా రాజీ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. 45 రోజులలో పరిష్కారం లభించకపోతే నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తొలగించిన నాటి నుండి రెండు సంవత్సరాలు దాటితే ఈ తలుపు మూసుకుపోతుంది.

గ్రాట్యుటీ లెక్క

ఐదు సంవత్సరాల నిరంతర సర్వీసు పూర్తిచేసి పదవీ విరమణ పొందినా, రాజీనామా చేసినా గ్రాట్యుటీ లభిస్తుంది. మరణం, శాశ్వత వైకల్యం సంభవించిన సందర్భాలలో ఐదేళ్ళ నిబంధన వర్తించదు. నిర్ణీత కాలపు ఒప్పందంపై పనిచేసే వారికి పనిచేసిన కాలానికి తగిన నిష్పత్తిలో గ్రాట్యుటీ ఇచ్చే వెసులుబాటు కొత్త కోడ్ ద్వారా వచ్చింది.

చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, వచ్చిన మొత్తాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా తీసుకోవాలి. ఉదాహరణకు చివరి వేతనం రూ.13,000, సర్వీసు 22 సంవత్సరాల 7 నెలలు అనుకుంటే, 15 రోజుల వేతనం రూ.7,500 అవుతుంది. 23 సంవత్సరాలకు గ్రాట్యుటీ రూ.1,72,500. ముక్కల లెక్కన కూలి పొందే వారికి చివరి మూడు నెలల సగటును ఆధారంగా తీసుకుంటారు.

కార్మికుడు దరఖాస్తు చేసినా, చేయకపోయినా చెల్లించవలసిన తేదీ నుండి 30 రోజులలోగా గ్రాట్యుటీ చెల్లించటం యజమాని బాధ్యత. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. అయినా 30 రోజులలోగా వ్రాతపూర్వకంగా దరఖాస్తు సమర్పించి, ప్రతిపై సంతకం తీసుకోవటం శ్రేయస్కరం.

భవిష్య నిధి, ఈఎస్ఐ

సాధారణ సంస్థలలో భవిష్య నిధికి కార్మికుని వాటా 12 శాతం. జూట్, బీడీ, ఇటుక, కొబ్బరి పీచు వంటి కొన్ని పరిశ్రమలలో ఇది 10 శాతంగా ఉంటూ వచ్చింది. జూట్ కార్మికుడు తన జీతపు చీటీని ఇతర సంస్థలో పనిచేసే బంధువు చీటీతో పోల్చి 'నాకు తక్కువ కోత వేశారు' అని సందేహించటానికి కారణం ఇదే. యజమాని తన వాటాను కార్మికుని వేతనం నుండి కోయటం మాత్రం చట్టవిరుద్ధం.

కోత వేసిన సొమ్మును తరువాతి నెల 15వ తేదీలోగా నిధిలో జమ చేయాలి. కోత వేసి జమ చేయకపోవటం బాకీ మాత్రమే కాదు, నమ్మక ద్రోహ నేరంగా కూడా పరిగణించబడుతుంది. జీతపు చీటీలో కోత కనిపించినంత మాత్రాన సొమ్ము నిధికి చేరినట్లు కాదు. కాబట్టి కార్మికులు తమ యూఏఎన్ సంఖ్యతో పాసుపుస్తకాన్ని మూడు నెలలకొకసారైనా పరిశీలించుకోవాలి. ఒక్క నెల జమ లేకపోయినా భవిష్య నిధి కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. కొత్త కోడ్ విచారణ ప్రారంభానికి 5 సంవత్సరాల పరిమితి విధించినందున, పదవీ విరమణ నాడు చూసుకుందామనే ధోరణి నష్టం కలిగిస్తుంది.

పది సంవత్సరాల అర్హత సర్వీసు ఉన్నవారికి నెలవారీ పింఛను హక్కు ఏర్పడుతుంది. సర్వీసులో ఉండగా మరణించిన సభ్యుని కుటుంబానికి డిపాజిట్ అనుసంధానిత బీమా కింద రూ.7 లక్షల వరకు లభించే అవకాశం ఉంది. కుటుంబం లేని కాలంలో ఇతరుల పేరిట చేసిన నామినేషన్, కుటుంబం ఏర్పడిన తరువాత చెల్లదు. వివాహమైన వెంటనే నామినేషన్ మార్చుకోని కారణంగా భార్యాబిడ్డలు కార్యాలయాల చుట్టూ తిరగవలసిన పరిస్థితి తెచ్చుకోరాదు.

ఈఎస్ఐ పథకంలో కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. వైద్యంతో పాటు, అనారోగ్య కాలంలో నిబంధనల మేరకు సంవత్సరానికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం నగదు ప్రయోజనం లభిస్తుంది. ఇందుకు ఈఎస్ఐ వైద్యుని ధ్రువపత్రం అవసరం.

కార్మికుడు కూడా వినియోగదారుడే

భవిష్య నిధి సొమ్ము చెల్లింపులో జాప్యం జరిగితే వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్ళవచ్చునా అనే ప్రశ్న ఒకప్పుడు సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చింది. నిధి సభ్యుడు వినియోగదారుడేనని, పథకం నిర్వహణ సేవ కిందికి వస్తుందని 1999 డిసెంబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం పొందే బీమా కార్మికుడు కూడా వినియోగదారుడేనని 2007లో మరో తీర్పు వెలువడింది. నెల నెలా చందా చెల్లిస్తున్నందున ఆ వైద్యాన్ని ఉచిత సేవగా చూడరాదని న్యాయస్థానం భావించింది.

రైతుల విషయంలోనూ ఇటువంటి తీర్పు ఉన్నది. నాసిరకం విత్తనాల వలన నష్టపోయిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులలో, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వేసిన అప్పీళ్ళపై 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. విత్తుకోవటానికి విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని పేర్కొంది. రైతు కొన్న విత్తనమంతా పొలంలో చల్లుకుంటాడే గాని, పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని ఆశించరాదన్న వాస్తవాన్ని కూడా న్యాయస్థానం గుర్తించింది. నెల్లిమర్ల మండలంలో వరి, గోగు, చెరకు వేసే రైతులు విత్తనం కొన్నప్పుడు లాట్ నంబరు వేసిన బిల్లును, సంచికి కుట్టిన చీటీని పంట ఇంటికి వచ్చేవరకు భద్రపరచాలి.

బజారులో గమనించవలసినవి

కొనుగోలుదారునికి బిల్లు ఇవ్వకపోవటం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 'బిల్లు కావాలంటే ధర పెరుగుతుంది' అనే మాటకు లొంగరాదు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లుపై ముద్రించినంత మాత్రాన లోపం గల సరుకు బాధ్యత నుండి వ్యాపారి తప్పించుకోలేడు. బిల్లులో పేర్కొన్న వ్యవధిలో, వ్యవధి పేర్కొనని పక్షంలో 30 రోజులలోగా, లోపం గల వస్తువును వాపసు తీసుకోవటానికి నిరాకరించటం కూడా అనుచిత వ్యాపార పద్ధతే.

ప్యాకెట్‌పై తయారీదారు చిరునామా, నికర పరిమాణం, అన్ని పన్నులతో కూడిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు ఉండాలి. ముద్రించిన ధరకు మించి వసూలు చేస్తే తూనికలు, కొలతల శాఖ అధికారులకు తెలుపవచ్చు. పెట్రోలు బంకులో కొలతపై అనుమానం కలిగితే అక్కడ ఉంచిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు ఉంది. వంట గ్యాసు సిలిండరు తీసుకునేటప్పుడు ఇంటి వద్దనే తూకం వేయించుకోవచ్చు. గృహావసర సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు ఉండాలి.

ఆన్‌లైన్‌లో కొనుగోలు చేసేవారికీ రక్షణ ఉన్నది. 2020 నిబంధనల ప్రకారం ఈ-కామర్స్ సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల రోజులలోగా పరిష్కరించాలి. ఆర్డరు వివరాలు, చెల్లింపు సందేశం, వస్తువు విప్పిన వెంటనే తీసిన ఫొటోలు సాక్ష్యంగా ఉపయోగపడతాయి.

ఫిర్యాదు చేసే విధానం

మొదట విక్రేతకు లేదా సేవ అందించిన సంస్థకు వ్రాతపూర్వకంగా తెలిపి, కొంత వ్యవధి ఇవ్వటం మంచిది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేస్తే సంస్థతో సంప్రదించి పరిష్కారానికి కృషి చేస్తారు. అక్కడా ఫలితం లేకపోతే కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

చెల్లించిన ప్రతిఫలం రూ.50 లక్షల వరకు ఉంటే ఫిర్యాదు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. రూ.5 లక్షల వరకు దాఖలు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు, ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు. పాత చట్టంలో ప్రత్యర్థి వ్యాపారం చేసే చోట గాని, వివాదానికి కారణం తలెత్తిన చోట గాని ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు వినియోగదారుడు నివసించే చోట, లేదా పనిచేసే చోట దాఖలు చేయవచ్చు. ఈ మార్పు వలన ముంబయిలోని కంపెనీపై నెల్లిమర్ల నివాసి విజయనగరంలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయగలుగుతున్నాడు. ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లో దాఖలు చేసే సౌకర్యం కూడా ఉంది. వివాదానికి కారణం తలెత్తిన రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు, ఉత్తర్వు వెలువడిన 45 రోజులలోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవాలి.

పారిశ్రామిక కార్మికునికి ఉచిత న్యాయ సహాయం

కోర్టు అనగానే ఖర్చు గుర్తుకు వచ్చి వెనుకడుగు వేసేవారు ఎక్కువ. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఉచిత న్యాయ సహాయానికి అర్హులైన వారిలో మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులతో పాటు పారిశ్రామిక కార్మికులు కూడా ఉన్నారు. వీరికి ఆదాయ పరిమితి వర్తించదు. ఈ ఒక్క విషయం మిల్లులో పనిచేసే చాలామందికి తెలియదు. తెల్ల కార్డు లేదని, ఆదాయం ఎక్కువని సందేహించనవసరం లేదు. విజయనగరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్ల కాగితంపై అర్జీ ఇచ్చినా, 15100 సహాయవాణికి ఫోను చేసినా మార్గదర్శనం లభిస్తుంది. లోక్ అదాలత్‌లో ఉభయుల సమ్మతితో పరిష్కారమైన వివాదానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు ఉండదు.

పనిచేసే చోట లైంగిక వేధింపులు ఎదుర్కొన్న మహిళలకు 2013 చట్టం ప్రత్యేక రక్షణ కల్పించింది. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటె చిన్న సంస్థలలో పనిచేసేవారు, ఇళ్ళలో పనిచేసేవారు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు సాధారణ గడువు మూడు నెలలు. ఫిర్యాదు చేసిన మహిళ పేరు, వివరాలు వెల్లడించటం నేరం.

గుర్తుంచుకోవలసిన గడువులు

గ్రాట్యుటీ దరఖాస్తు: 30 రోజులు.
వినియోగదారుల కమిషన్ ఉత్తర్వుపై అప్పీలు: 45 రోజులు.
లైంగిక వేధింపులపై ఫిర్యాదు: 3 నెలలు.
వినియోగదారుల ఫిర్యాదు: 2 సంవత్సరాలు.
తొలగింపుపై ట్రిబ్యునల్‌కు దరఖాస్తు: 2 సంవత్సరాలు.
వేతన బకాయి క్లెయిము: 3 సంవత్సరాలు.

తగిన కారణం చూపితే కొన్ని సందర్భాలలో ఆలస్యాన్ని మన్నించే అధికారం సంబంధిత అధికారులకు ఉన్నప్పటికీ, దానిపై ఆధారపడటం సరికాదు.

ప్రతి ఇంటా ఒక సంచి

నెల్లిమర్లలో తయారైన గోనె సంచి ధాన్యాన్ని గింజ పోకుండా కాపాడుతుంది. అదే విధంగా ప్రతి కార్మిక కుటుంబమూ తమ హక్కుల కాగితాలను ఒక సంచిలో భద్రపరచుకోవాలి. నియామక పత్రం, జీతపు చీటీలు, గుర్తింపు కార్డు, యూఏఎన్, ఈఎస్ఐ సంఖ్యలు, నామినేషన్ ప్రతులు, గేటు నోటీసుల ఫొటోలు, కొనుగోలు బిల్లులు, వారంటీ కార్డులు, విత్తన సంచుల చీటీలు అందులో ఉండాలి. ఆ సంచి ఎక్కడ ఉన్నదో ఇంటి యజమానికి మాత్రమే తెలిస్తే చాలదు, ఇల్లాలికి, ఎదిగిన పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. అనుకోని ఆపద సంభవించిన నాడు కార్యాలయాల మెట్లెక్కవలసినది వారే.

నోటీసు అంటించిన రోజున తేదీ వ్రాసుకోవటం, అర్జీ ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోవటం, పాసుపుస్తకం తరచు చూసుకోవటం డబ్బు ఖర్చులేని పనులు. ఇవి అలవాటైన కుటుంబానికి మిల్లు గేటు మూసిన రోజున కూడా తనకు రావలసినదేమిటో, ఎవరిని అడగాలో, ఎప్పటిలోగా అడగాలో తెలిసి ఉంటుంది. కార్మికులు, రైతులు, వినియోగదారులు ఈ సదుపాయాలను సకాలంలో సద్వినియోగం చేసుకోవలసి ఉన్నది.